మా అమ్మాయి కట్టిన వంకర గది

నలభై ఏళ్ళుగా గోడలు కడుతున్నాను. నేను కట్టిన ఏ గోడ మీదైనా రసమట్టం పెట్టి చూడండి, గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటారేమో. అవును, చెప్పుకుంటున్నాను. నేను చెప్పుకోకపోతే గోడ వచ్చి చెబుతుందా?

ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మా ఆవిడ గుమ్మం బయటే నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది. "వాళ్ళ గోడల గురించి ఒక్క మాట మాట్లాడారంటే చూడండి మరి!" నేనూ మాట్లాడకూడదనే కూర్చుంటాను. కానీ ఎదురుగా అరంగుళం వాలిపోయిన తలుపు కనిపిస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది? ఒకసారి చేతులు కడుక్కునే వంకతో లేచి, వాళ్ళ బీరువా కింద మడిచిన అట్టముక్క పెట్టి వచ్చాను. వాళ్ళకి ఇప్పటికీ తెలియదు. "చేసేది తాపీ పని, మనిషిలో మాత్రం చుక్క తాపీ లేదు" అని మా ఆవిడ ఏడిపిస్తూ ఉంటుంది.

అలాంటివాడి ఇంట్లో మా అమ్మాయి పుట్టింది. లేనిది ఉన్నట్టు గీయడం దానికి చిన్నప్పటినుంచీ పిచ్చి. పదేళ్ళ వయసులో వంటింటి గట్టు మీద బొద్దింకని గీస్తే, వాళ్ళమ్మ చెప్పు తీసుకుని ఆ బొమ్మని నాలుగు వాయించింది. ఇప్పుడు దానికి అదే ఉద్యోగం. కనికట్టు బొమ్మల మ్యూజియంలో పని. అక్కడ నేల మీద గొయ్యి గీస్తారు, గోడ మీద జలపాతం గీస్తారు. వాళ్ళు చూపించిన చోట నిలబడి ఫోటో తీయించుకుంటే మనం గోతిలోకి జారిపోతున్నట్టు వస్తుంది. ఇలాంటివాటికి జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తారట. నేను దాన్ని పని అని ఎప్పుడూ అనలేదు. "ఇంకా ఆ బొమ్మలేనా?" అని అడిగేవాణ్ణి. అది నవ్వి ఊరుకునేది.

సోమవారం మ్యూజియం కొత్తగా తెరుస్తారనగా, ఆదివారం పనివాళ్ళ ఇళ్ళవాళ్ళని రమ్మన్నారు. నేను, మా ఆవిడ, అల్లుడు, మా వియ్యంకుడు, నాలుగేళ్ళ మనవరాలు బస్సెక్కాం. మనవరాలికి పిడుగని పేరు పెట్టింది నేనే. మా వియ్యంకుడు ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఎక్కడికెళ్ళినా గుమ్మం దగ్గర అవసరం లేకపోయినా తల వంచి లోపలికి వస్తాడు, తన పొడుగు నలుగురూ గమనించాలని.

బస్సు కదలగానే మా ఆవిడ నా వైపు వంగింది. "అక్కడ వంకర అనీ, వాలిందనీ నోరు జారకండి. అమ్మాయికి అసలే మనసు బాగాలేదు."

"ఏమైంది?"

"అది సొంతంగా ఒక గది కట్టింది కదా, ఎనిమిది నెలలు. వారంనుంచి చూసినవాళ్ళందరూ ఏదో తేడాగా ఉందంటున్నారట. ఆ తేడా ఏంటో దీనికి దొరకడం లేదు. ఇవాళ సాయంత్రం ఓనరమ్మ వచ్చి చూస్తుందట. బాగుంటే రేపు తెరుస్తారు, లేకపోతే మొత్తం పీకేసి అక్కడ ప్రింటు బొమ్మ అంటించేస్తారు."

"గది కట్టిందా? బొమ్మలు కదా వేసేది?"

ముందు సీట్లోంచి అల్లుడు వెనక్కి తిరిగాడు. "మామూలు గది కాదు మామయ్యా. నేల, గోడలు, కిటికీలు, అన్నీ కావాలనే వంకరగా కడతారు. బయటి గోడకి ఒక కన్నం ఉంటుంది. అందులోంచి ఒంటికన్నుతో చూస్తే మాత్రం గది తిన్నగా కనిపిస్తుంది. అప్పుడు లోపల ఒక మూల నిలబడ్డవాళ్ళు తల పైకప్పుకి తగిలేంత పెద్దగా, రెండో మూల నిలబడ్డవాళ్ళు చిన్నపిల్లలంత కనిపిస్తారు. ఎక్కడా ఒక్క తిన్నని గీత ఉండకూడదట. ఉంటే మొత్తం చెడిపోతుందట."

నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

పన్నెండు రోజుల కిందట నేను ఆ మ్యూజియంకి వెళ్ళాను. వెనక గుమ్మం దగ్గర మెట్టు విరిగింది, వేసిపెట్టమని అమ్మాయే పిలిచింది. మెట్టు వేసి, చేతులు కడుక్కుని దాని కోసం వెతికితే, రంగు డబ్బాలు తేవడానికి బజారుకెళ్ళిందన్నారు. ఒక గది తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళాను. నేల వాలుగా ఉంటే నీళ్ళు పోవడానికేమో అనుకున్నాను. గోడలు చెక్కవి, ఇంకా పూర్తిగా నిలబెట్టలేదేమో అనుకున్నాను. కానీ ఎదురు గోడకి నడుమెత్తున అడ్డంగా బిగించిన చెక్క పట్టీ కుడినుంచి ఎడమకి నాలుగు వేళ్ళు దిగిపోయి ఉంది. అయ్యో పిచ్చితల్లీ, రెండో కొస పట్టుకునే దిక్కులేక ఇలా బిగించేసిందే అని కడుపు తరుక్కుపోయింది. సంచిలోంచి రసమట్టం తీశాను. ఆరు స్క్రూలూ విప్పాను, పట్టీని తిన్నగా ఎత్తి బిగించాను, పాత రంధ్రాల్లో పుట్టీ పెట్టి, పైన అక్కడే ఉన్న రంగు కూడా పూశాను. మూడో కంటికి తెలియలేదు. చెప్పకుండా చేసిన సాయమే సాయం అనుకుంటూ, ఇంటిదాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

"ఏంటండీ, ఆ చెమటలు?" అంది మా ఆవిడ.

"బస్సులో గాలి లేదు" అన్నాను. నా పక్కన కిటికీ బార్లా తెరిచి ఉంది.

మ్యూజియం గుమ్మంలోనే అమ్మాయి ఎదురొచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. పిడుగుని ఎత్తుకుని, "నాన్నా, ఎలా ఉంది మెట్టు? అందరూ మెచ్చుకుంటున్నారు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఇంతలో మా వియ్యంకుడు గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి, "ఏమ్మా, ఏదీ నీ గది?" అన్నాడు.

"అది ఆఖర్న మామయ్యగారూ. ముందు ఇవన్నీ చూడండి."

చూశాం. నేల మీద గీసిన లోయ దగ్గర మా ఆవిడ ఆగిపోయింది. బొమ్మేనని తెలుసు, అయినా కాలు వేయదు. "నువ్వు గీసిన బొద్దింకనే నమ్మానే నేను" అని అమ్మాయి భుజం పట్టుకుని గోడ వారగా నడిచింది. పిడుగు సొరచేప నోట్లో కూర్చుని, బయటికి రానని మొండికేసింది. గోడ మీద గీసిన మెట్లెక్కుతున్నట్టు వియ్యంకుడు ఫోటో తీయించుకున్నాడు. వేరే రోజైతే ఆ మెట్టు ఎత్తు తొమ్మిదంగుళాలుంది, ఎవడెక్కుతాడు అని అక్కడే తగువు పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు నా నోరు కట్టేసినట్టు ఉంది. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఇక్కడ చెబుదాం, ఇక్కడ చెబుదాం అనుకుంటూనే దాటి వచ్చేశాను. సిగ్గులేనివాణ్ణి.

ఆఖరికి ఆ గది వచ్చింది. బయటి గోడకి, నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, రూపాయి బిళ్ళంత కన్నం. అమ్మాయి నన్నే ముందు పిలిచింది. "నువ్వు చూడు నాన్నా. నీ కంటికి దొరకని వంకర లేదు. ఎక్కడ తేడా ఉందో చెప్పు. గోడలు కొలిచాను, నేల కొలిచాను, కిటికీలు కొలిచాను. మూడేసి సార్లు."

పట్టీని ఎందుకు కొలవలేదని నేనడగలేదు. అది తన చేత్తో బిగించిన పట్టీ. బిగించిన రోజే కొలిచి ఉంటుంది. తండ్రి వచ్చి దొంగతనంగా మార్చేసి పోతాడని ఏ కూతురు అనుకుంటుంది?

ఒక కన్ను మూసి రెండో కన్ను కన్నానికి ఆనించాను. చూడగానే ఒళ్ళు జలదరించింది. పన్నెండు రోజుల కింద నేను నిలబడిన ఆ కుంటి గది, ఇప్పుడు నలువైపులా మూలమట్టానికి కట్టిన గదిలా ఉంది. నేల చదరంగా ఉంది. కిటికీలు జోడుగా ఉన్నాయి. నా కన్ను, నలభై ఏళ్ళు గోడలు చూసిన కన్ను, ఒప్పేసుకుంది. ఒక్కటి తప్ప. ఎదురు గోడ మీద ఆ పట్టీ ఎడమ చివర పైకి ఎగదన్నుకుని ఉంది. అన్ని వంకరల మధ్యా తిన్నగా ఉన్నది అదొక్కటే, అదే వంకరగా కనిపిస్తోంది.

"నాన్నా?" అంది అమ్మాయి వెనకనుంచి.

నేను తల తిప్పేలోపే చెప్పుల చప్పుడు వినిపించింది. నాలుగింటికి వస్తానన్న ఓనరమ్మ మూడింటికే వచ్చేసింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. అందరికీ నమస్కారం పెట్టి, నేను పక్కకి తప్పుకోగానే కన్నంలోకి చూసింది. ఎంతోసేపు చూసింది.

"లాభం లేదమ్మా" అంది చివరికి. "పదింట తొమ్మిదిపాళ్ళు బ్రహ్మాండంగా ఉంది. ఆ ఒక్క పాలు కన్నుకి గుచ్చుకుంటోంది. అదేంటో చెప్పగలిగితే నేనాగేదాన్ని. రేపు జనం వస్తారు, నేను రిస్కు తీసుకోలేను."

అమ్మాయి తల దించుకుంది. "నా లెక్కే ఎక్కడో తప్పిందండీ. నాకే చేతకాలేదు."

ఇంక నావల్ల కాలేదు. చేతకాలేదట! నా కూతురు, నా ఎదురుగా, నేను చేసిన వెధవ పనికి చేతకాలేదని తల దించుకోవడమా?

"లెక్క తప్పలేదు!" అని అరిచాను. కాస్త గట్టిగానే అరిచాను, సొరచేప నోట్లో ఉన్న పిడుగు కూడా బయటికొచ్చేసింది. "దాని లెక్క దివ్యంగా ఉంది. ఆ ఎదురు గోడ మీద పట్టీ మార్చింది నేను."

మొత్తం చెప్పేశాను, మెట్టు వేయడం దగ్గర్నుంచి పుట్టీ పెట్టి రంగు పూయడం దాకా. చెబుతున్నంతసేపూ అమ్మాయి మొహం చూడలేకపోయాను, వియ్యంకుడి చొక్కా గుండీలు లెక్కపెట్టాను. ఏడున్నాయి.

"నాన్నా!" అంది అమ్మాయి. "వారంనుంచి నేను నిద్రపోలేదు. ఒక్క మాట అడగొచ్చుగా!"

"అడగాలి. అడగలేదు. నీకు రాదనుకున్నాను." ఆ మాట చెప్పడం కన్నా గోడ మీదనుంచి దూకడం సులువు.

తిడుతుందనుకున్నాను, తిట్టినా పడేవాణ్ణి. అది ఓనరమ్మ వైపు తిరిగింది. "నాకొక గంట టైమివ్వండి."

"ఇస్తాను. నేనిక్కడే కూర్చుంటాను" అంది ఓనరమ్మ, కుర్చీ లాక్కుని.

"సంచి తెచ్చావా నాన్నా?"

నేను సంచి లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళను. తీసి ఇచ్చాను. అది సంచిలో చెయ్యి పెట్టి, స్క్రూ డ్రైవరు తీసుకుని, రసమట్టం మాత్రం పైకి తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. "అమ్మా, ఇది నీ హ్యాండ్‌బ్యాగులో దాచు. ఎంత బతిమాలినా ఇవ్వకు."

"నా దగ్గర బతిమాలడాలు చెల్లవులే" అంది మా ఆవిడ, జిప్పు లాగేస్తూ.

లోపలికెళ్ళాం. స్క్రూలు విప్పుతూ, "ఎడమ కొస నాలుగు వేళ్ళు దించితే సరిపోతుంది" అన్నాను.

"వేళ్ళతో కాదు. నువ్వు పట్టుకో, నేను చెబుతాను."

అప్పుడు చూశాను అది పనిచేసే తీరు. కన్నం పక్కన చిన్న మేకు ఉంది, దానికి దారం కట్టింది. కన్నానికి మూరెడు దూరంలో ఒక చెక్క చట్రం నిలబెట్టి, అందులో అడ్డంగా ఇంకో దారం బిగించింది. మేకుకి కట్టిన దారాన్ని చట్రంలో దారానికి తగిలీ తగలకుండా లాక్కుంటూ ఎదురు గోడదాకా తీసుకొచ్చింది. దారం కొస గోడని ఎక్కడ తాకిందో అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టింది. కన్ను చూసే దారిలోనే దారం నడిపిస్తోంది. ఇంత వంకర గదిలో ఒక్క మేకు కూడా ఉజ్జాయింపుగా కొట్టింది కాదు.

"అక్కడ గోకు నాన్నా."

గోరుతో గోకాను. రంగు రేగింది, కింద తెల్లటి పుట్టీ, ఆ పుట్టీ కింద పాత రంధ్రం. దాని పెన్సిలు చుక్క నేను పూడ్చిన రంధ్రం నట్టనడుమ ఉంది. రెండో చుక్క పెట్టింది, గోకాను, మళ్ళీ రంధ్రం నడిమధ్యనే. మూడోది, నాలుగోది, ఆరూ అంతే. మొదట ఎక్కడ గుచ్చిందో ఇవాళా అక్కడికే వచ్చి ఆగింది, వెంట్రుకవాసి తేడా లేదు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టీ దుమ్ము పడిందని చెప్పాను, అది నమ్మలేదు. నాకు తిన్నగా కట్టడానికి ఒక్క రసమట్టం చాలు. నాలుగు దిక్కులా ఒకటే మట్టం, కళ్ళు మూసుకున్నా వచ్చేస్తుంది. దీనికి ప్రతి గీతకీ ఒక కొత్త మట్టం, ప్రతి పలకకీ ఒక కొత్త మూల, అన్నిటినీ తనే పుట్టించుకోవాలి. ఇన్నేళ్ళూ నేను బొమ్మలన్నది దీన్నా? నా చేతిలో ఎంతోమంది పని నేర్చుకున్నారు. ఇంత నిఖార్సయిన చెయ్యి నేను ఎవరిలోనూ చూడలేదు. నాలో కూడా.

"పైకెత్తు. ఆగు. కుడి కొస కదపకు. ఎడమది దించు. ఇంకా. నాన్నా, నీ చెయ్యి మళ్ళీ తిన్నగా లాగేస్తోంది!"

"అలవాటే, చచ్చినా పోదు."

"పోవాలి. దించు. చాలు."

ఆరు స్క్రూలూ నేనే బిగించాను. నా చేత్తో కావాలని వంకరగా బిగించిన పట్టీ నా జన్మలో అదొక్కటే. బయటినుంచి వియ్యంకుడు ఏదో సలహా చెప్పబోతే, "మీరుండండి బావగారూ, పని నడుస్తోంది" అన్నాను.

రంగు పూసి, తడి ఆరీ ఆరకుండానే ఓనరమ్మ లేచి కన్నం దగ్గరకొచ్చింది. అమ్మాయి వాళ్ళమ్మని లోపల కుడి మూలకి పంపింది, మామగారిని ఎడమ మూలకి పంపింది. నాకు చూడ్డానికి కన్నం ఖాళీగా లేదు, ఓనరమ్మ వీపు చూస్తూ నిలబడ్డాను. ఒక నిమిషం పట్టింది. తర్వాత ఆ వీపు కదలడం మొదలైంది. ఆవిడ నవ్వుతోంది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"మీరూ చూడండి, మీరూ చూడండి" అని నన్ను ముందుకి నెట్టింది.

చూశాను. చక్కగా, నలుచదరంగా, ఎక్కడా వేలెత్తి చూపడానికి వీల్లేని గది. ఆ గదిలో కుడి మూల మా ఆవిడ పైకప్పుకి తల ఆనించి నిలబడి ఉంది, హ్యాండ్‌బ్యాగు పట్టుకుని. ఎడమ మూల మా వియ్యంకుడు, ఆరడుగుల రెండంగుళాల మనిషి, మా ఆవిడ నడుముదాకా కూడా లేడు. పైగా తనకేం తెలుసు, అక్కడ కూడా తల కొంచెం వంచుకునే ఉన్నాడు. పట్టీ కోసం వెతికాను. తిన్నగా ఉంది. అది ఎంత వంకరో నా రెండు చేతులకీ తెలుసు, నేనే బిగించాను, అయినా నా కన్ను తిన్నగా ఉందనే అంటోంది. ఓడిపోయాను. ఇంత ఆనందంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

కన్నం నుంచి తప్పుకునేసరికి ఓనరమ్మ నా పక్కనే ఉంది. చేతులనిండా పుట్టీతో, సంచితో ఉన్నది నేనే కదా, నన్నే అడిగింది. "గది రేపు తెరుస్తున్నాం. పై అంతస్తులో ఇంకో రెండు గదులు ఇలాంటివే కావాలి మేస్త్రిగారూ. మీరు ఎన్నాళ్ళలో కట్టగలరు?"

"నన్నడుగుతారేంటమ్మా?" అన్నాను. "ఇక్కడ మేస్త్రి ఆవిడ. ఆవిడ చుక్క పెట్టిన చోట స్క్రూ బిగించడం వరకే నా పని."

ఓనరమ్మ అమ్మాయి వైపు తిరిగింది. అమ్మాయి మోచేత్తో ముక్కు తుడుచుకుంది, గోడ వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. తర్వాత "ఒక్కో గదికి నాలుగు నెలలు పడుతుందండీ" అంది. చెప్పి నా వైపు తిరిగింది. "నాన్నా, ఆ దారం తీసెయ్. మా మామయ్యగారు బయటికొస్తున్నారు, కాళ్ళకి తగులుకుంటుంది."

"అలాగే మేస్త్రీ" అని నేల మీదకి వంగాను.